కరపత్రంలో లేని కళాశాల

ఈ సంకలనానికి ఒక కథల పుస్తకం మీద రాస్తానని మాటిచ్చాను. పుస్తకం చదివాను కూడా. అంతలో మా అక్క కూతురు ఎంసెట్ ర్యాంకు వచ్చిందని (దాని పేరు ఈఏపీసెట్ అయినా మా దగ్గర ఇంకా ఎంసెటే) ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కవరు నిండా ఇంజనీరింగ్ కాలేజీల కరపత్రాలు. లెక్కపెడితే పదకొండు. అన్నిటిలోనూ కంప్యూటర్ సైన్సే ముందు పేజీ. "మామా, నువ్వు పుస్తకాల్లో తప్పులు పడతావు కదా, వీటిల్లో ఏది మంచిదో చూసి చెప్పు" అంది. రెండు రోజులు కూర్చుని చదివాను. మూడో రోజుకి కథల పుస్తకం పక్కకి పోయింది. ఆ రచయిత నన్ను క్షమించాలి.

ఎగతాళికి అనడం లేదు. చర్ల, దుమ్ముగూడెం గూడేలకి ఏటా ఎక్కువ సంఖ్యలో వచ్చే అచ్చు సాహిత్యం ఏదని అడిగితే ఇప్పుడు నేను ఈ కరపత్రాలే అంటాను. మనం ఐదొందల కాపీలు వేసి మూడేళ్ళపాటు సంచిలో మోసుకు తిరుగుతాం. ఇవి ఫలితాలు వచ్చిన వారంలో ఇంటింటికీ చేరతాయి. మన పుస్తకం చదివి ఎవరూ పొలం తాకట్టు పెట్టరు. ఇవి చదివి పెడతారు. అంత పని చేయించే రాతని విమర్శకులు పట్టించుకోకపోతే ఎట్లా?

పదకొండింటిలో తొమ్మిదింటి అట్ట మీద ఒకటే రకం బొమ్మ: రాత్రిపూట లైట్లన్నీ వేసి తీసిన భవనం. రాత్రి ఫొటోకి ఒక సౌకర్యం ఉంది. చుట్టూ ఏముందో కనపడదు. బస్సు ఎక్కడ ఆగుతుందో, గేటు నుంచి రోడ్డు ఎంత దూరమో, దగ్గర్లో తినడానికి ఏమన్నా దొరుకుతుందో, ఏదీ తెలియదు. లోపలి పేజీలో ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. ఆ పిల్ల ఆ కాలేజీ పిల్ల కాదని చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే రెండు వేరే వేరే కాలేజీల కరపత్రాల్లో ఆమే ఉంది. తర్వాత చైర్మన్ గారి ఫొటో, కార్యదర్శి గారి ఫొటో, ప్రిన్సిపాల్ గారి ఫొటో. పాఠం చెప్పే మనిషి ఫొటో మాత్రం పదకొండింటిలో ఒక్కదానిలోనూ లేదు. పేరు కూడా లేదు. కళాశాల గురించి రాసిన కాగితంలో ఉపాధ్యాయుడు లేకపోవడం అంటే, వ్యవసాయం మీద పుస్తకం రాసి రైతుని మరిచిపోవడమే.

భాష చూద్దాం. నాకు బాగా నచ్చిన వాక్యం: "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్". మా బావ దీన్ని నూటికి నూరు మందికి ఉద్యోగం అని చదివాడు. అట్లా చదవాలనే రాశారు. అబద్ధం ఎక్కడుందని వెతికితే దొరకదు. అసిస్టెన్స్ అన్న చివరి మాటలో కూర్చుని ఉంది అది. సాయం చేస్తాం అన్నారు గానీ ఇప్పిస్తాం అనలేదు. మన పటేళ్ళు పాత రోజుల్లో కాగితాల మీద వేలిముద్రలు వేసిన కథలు మనం చాలా రాసుకున్నాం. ఆ కాగితాల్లో కూడా చివరి మాటే కొంప ముంచేది.

తర్వాత "హైయెస్ట్ ప్యాకేజీ". ఒక కుర్రాడి ఫొటో, పక్కన లక్షల్లో అంకె. ఊళ్ళో ఒకరికి నలభై ఎకరాలు ఉంటే ఊరందరికీ పొలం ఉన్నట్టు కాదు గదా. అడగవలసింది మధ్యలో ఉన్న మనిషి సంగతి. ఉద్యోగం వచ్చిన వాళ్ళందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే పిల్లవాడికి ఎంత వచ్చింది? అసలు ఆ ఏడాది చేరిన వాళ్ళెందరు, నాలుగో ఏడాది చివర అన్ని సబ్జెక్టులూ పాసై బయటికి వచ్చిన వాళ్ళెందరు? కేంద్రం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం పోటీపడే కాలేజీలు ఈ మధ్య జీతం అంకెని, గడువులో చదువు పూర్తి చేసిన వాళ్ళ సంఖ్యని ఇవ్వాల్సి ఉంటుంది. కాబట్టి ఆ లెక్క వాళ్ళ దగ్గర లేక కాదు. కరపత్రంలో వేయరు, అంతే.

బ్రాంచీల పేర్ల దగ్గరికి వస్తే నాకు తల తిరిగింది. కంప్యూటర్ సైన్స్ అని ఒకటి ఉండేది. ఇప్పుడు దాని పక్కన బ్రాకెట్లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్. ఒకే కాలేజీలో ఆరు రకాలు. 2024లో ఏఐసీటీఈ బాగా నడుస్తున్న కాలేజీలకి ఒక బ్రాంచిలో ఇన్నే సీట్లు అన్న హద్దు తీసేసింది. దాంతో హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీలు మెకానికల్, సివిల్ తగ్గించుకుని ఈ ఆరు రకాలూ పెంచుకున్నాయి. సీట్లు పెరిగినంత వేగంగా పాఠం చెప్పేవాళ్ళు పెరుగుతారా అన్న ప్రశ్న పిల్లలకి ఎవరూ చెప్పరు. మా మేనకోడలు వీటిలో ఏది మేలు అని అడిగింది. నాకు తెలిసిన మేరకు చెప్పాను: ఏ పేరు పెట్టినా మొదటి ఏడాది దాదాపు ఒకటే, లెక్కలు, సీ భాష, ఇంగ్లీషు, ఫిజిక్సో కెమిస్ట్రీయో. తర్వాత వచ్చే డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ కంప్యూటర్ చదువుకి పునాదులు. అవి వచ్చిన పిల్ల బ్రాకెట్లో ఏమున్నా బతుకుతుంది. స్వయంప్రతిపత్తి లేని కాలేజీలన్నీ జేఎన్టీయూ ఇచ్చిన ఒకే సిలబస్ చెప్పాలి, ఒకే పరీక్ష రాయించాలి. కాబట్టి తేడా పుస్తకంలో ఉండదు, చెప్పే మనిషిలోనూ ల్యాబులోనూ ఉంటుంది. కరపత్రం ఆ రెండింటి గురించే నోరు మెదపదు.

అట్ట చివర గుండ్రటి ముద్రలు ఉంటాయి. న్యాక్ ఏ గ్రేడ్ అని ఒకటి, ఎన్‌బీఏ అని ఒకటి. రెండూ ఒకటే అనుకుని చాలామంది మోసపోతారు. న్యాక్ గ్రేడ్ మొత్తం సంస్థకి. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా. ఎలక్ట్రికల్ బ్రాంచికి వచ్చిన ఎన్‌బీఏ ముద్రని కంప్యూటర్ సైన్స్ పేజీ మీద వేసుకున్న కరపత్రం కూడా ఈ పదకొండులో ఉంది. ఎన్‌బీఏ వెబ్‌సైటులో బ్రాంచి పేరు కొట్టి చూస్తే నిమిషంలో తెలుస్తుంది. మా పిల్ల ఫోనులో చూసింది.

ఇంతకీ ఈ కరపత్రం ఎవరితో మాట్లాడుతోంది? కారులో కుటుంబంతో వచ్చి కాలేజీ చుట్టూ తిరిగి, ఫీజు బేరమాడి వెళ్ళే తండ్రితో. అతనికి చెప్పక్కర్లేని సంగతులు దీనిలో ఉండవు. మన దగ్గరికి వచ్చేసరికి అదే కాగితానికి ఒక మనిషి తోడు వస్తాడు. చదివి వినిపించడానికి. అతని సంగతి చెప్పాలంటే మా మేనల్లుడి సంగతి చెప్పాలి.

వాడు ఈ పిల్లకి అన్న. 2021లో ఎంసెట్ రాశాడు. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం, ఇంటర్ ఇంగ్లీషు మీడియం. కరోనా రోజులు, ఇంటర్ రెండో ఏడాది పాఠాలన్నీ సిగ్నల్ దొరికే గుట్ట మీద కూర్చుని ఫోనులో విన్నాడు. ర్యాంకు గొప్పది కాదు, చెడ్డదీ కాదు. ఫలితాలు వచ్చిన నాలుగో రోజు పక్క ఊరి కుర్రాడు ఒకడు బండి మీద వచ్చాడు. మనోడే. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. తలకి ఇంత అని కాలేజీ వాళ్ళు ఇస్తారు. వాడి మీద నాకు కోపం లేదు, వాడిదీ మన బతుకే. "బావా, ఎస్టీ వాళ్ళకి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, అంతా నేను చూసుకుంటా, ఓటీపీ చెప్పు చాలు" అన్నాడు. మా వాడు చెప్పాడు. లాగిన్ వాడిది, పాస్‌వర్డ్ వాడిది, ఆప్షన్లు వాడివి. మూడే పెట్టాడు. మూడూ ఒకే యాజమాన్యానివి.

వెబ్ ఆప్షన్లలో మూడు పెడితే కంప్యూటర్‌కి ఆ మూడే లోకం. రెండోది వచ్చింది, డేటా సైన్స్. ఊళ్ళో మేకని కోశాం. నేను కూడా తిన్నాను. ఆప్షన్లు చూపించరా అని అడగలేదు. పుస్తకాల్లో అక్షర దోషాలు పట్టే మేనమామకి ఆ పని తట్టలేదు. ఏడాదిన్నర తర్వాత, కౌన్సెలింగ్ వాళ్ళు ప్రకటించే లాస్ట్ ర్యాంకుల పట్టిక తీసి ఎస్టీ అబ్బాయిల కాలమ్ చూశాను. వాడి ర్యాంకుకి విశ్వవిద్యాలయం నడిపే కళాశాలలో ఒకటి, హాస్టల్‌తో సహా, వచ్చి ఉండేది.

కాలేజీ నగరం చివర ఉంది. గిరిజన సంక్షేమ హాస్టల్ నగరం మధ్యలో. రెండు బస్సులు మారి వెళ్ళాలి. కాలేజీ బస్సుకి వేరే డబ్బు. ఒక్క రూపాయి కట్టక్కర్లేదన్న మాట ట్యూషన్ ఫీజు వరకే నిజం. తెలంగాణలో కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన ఎస్టీ పిల్లలకి ర్యాంకుతో పని లేకుండా ఫీజు మొత్తం ప్రభుత్వం ఇస్తుంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు ఉండాలి. బస్సు, పుస్తకాలు, రికార్డులు, ల్యాబ్ కోటు, వర్క్‌షాపు బట్టలు, మళ్ళీ రాసే ప్రతి పరీక్షకి ఫీజు, ఇవన్నీ ఇంటి మీదే. మొదటి మూడు నెలల్లో మా అక్క రెండు మేకలు అమ్మింది.

డబ్బు సంగతి ఎట్లాగో ఈడ్చుకొచ్చాం. వాడిని కూలదోసింది వేరే. సీ ప్రోగ్రామింగ్ ల్యాబులో ఇద్దరికి ఒక కంప్యూటర్. పక్కన కూర్చున్న పిల్లవాడు చిన్నప్పటి నుంచి కీబోర్డు ఎరిగినవాడు. వాడు టకటకా కొడుతుంటే మా వాడు చూసేవాడు. తర్వాత నాతో అన్నాడు: "మామా, ఒక సెమిస్టర్ మొత్తం నేను చేత్తో మీట ముట్టుకోలేదు. అడుగుదామంటే సారు ఇంగ్లీషులో అడగమనేవాడు. ఆ ప్రశ్న ఇంగ్లీషులో కూడగట్టుకునేసరికి గంట కొట్టేవాళ్ళు." రికార్డు మాత్రం చక్కగా రాశాడు. పక్కవాడిది చూసి. చేతిరాత బాగుంటుంది వాడిది.

లెక్కలు పోయాయి, సీ పోయింది. 2022 ఫిబ్రవరిలో మేడారం వెళ్ళి వచ్చాడు, వచ్చాక జ్వరం, రెండు వారాలు. జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఇల్లు మునిగిందని పరుగున వచ్చాడు. బురద ఎత్తిపోసి, రేకులు కప్పి, తిరిగి వెళ్ళేసరికి 75 శాతం హాజరు ఎక్కడిది? క్రెడిట్లు చాలక మొదటి ఏడాది దగ్గరే ఆపేస్తారని తెలిసింది. వాడు ఆ రాత్రే బస్సెక్కి వచ్చేశాడు. నన్ను లేపి, "నాకు రాదు మామా" అన్నాడు. కాలేజీ బాగాలేదని గానీ, ల్యాబు చాలలేదని గానీ అనలేదు. నాకు రాదు అన్నాడు. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాట మీద కోపంతో రాస్తున్నాను.

సర్టిఫికెట్ల కోసం మళ్ళీ వెళ్తే నాలుగేళ్ళ ఫీజు కడితేనే ఇస్తామన్నారు. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, నకళ్ళు మాత్రమే పెట్టుకోవాలని యూజీసీ 2018లోనే ప్రకటన ఇచ్చింది. ఆ కాగితం ముద్రించి తీసుకెళ్ళాను. దాన్ని చూసి గుమాస్తా నవ్వాడు. పద్నాలుగు నెలలు పట్టింది. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. ప్రభుత్వం ఫీజు డబ్బు సకాలంలో ఇవ్వకుండా ఏళ్ళ తరబడి బకాయి పెడితే కాలేజీ పిల్లల కాగితాల మీద కూర్చుంటుంది. 2025 నవంబరులో ఆ బకాయిల కోసం రాష్ట్రంలో ప్రైవేటు కళాశాలలు మూతపెట్టుకుని కూర్చున్నాయి. కాలేజీకి, ప్రభుత్వానికి నడుమ తగువు, ఇరుక్కున్నది పిల్లవాడి టెన్త్ మెమో.

ఇక మన వైపు చూద్దాం. కరపత్రాలని తిట్టి ఊరుకుంటే అది సగం విమర్శ. ఏటా జులైలో మన సంఘాలు వేయించే ఫ్లెక్సీలు చూడండి. ర్యాంకు కొట్టిన గిరిజన బిడ్డకి అభినందనలు అని పిల్లవాడి ఫొటో చిన్నది, నాయకుల ఫొటోలు పెద్దవి. కాలేజీ పేరు ఉంటుంది. నాలుగేళ్ళ తర్వాత ఆ పిల్లవాడు ఏమయ్యాడని ఫ్లెక్సీ ఎవరూ వేయించరు. హైయెస్ట్ ప్యాకేజీ కుర్రాడి ఫొటోకి దీనికి ఏం తేడా? మనం కూడా కరపత్రమే రాస్తున్నాం.

మన కథలు ఇంతకంటే మేలా అంటే, నాకు అనుమానమే. మన కథల్లో పట్నం చదువుకి పోయిన పిల్లవాడు రెండే రకాలుగా తిరిగి వస్తాడు. ఉద్యోగంతో వచ్చి గూడెం బాగుచేస్తాడు, లేదంటే భాష మరిచి అమ్మని చూసి సిగ్గుపడతాడు. ఫెయిలై వచ్చినవాడు కథలోకి రాడు. మొదటి ఏడాది ల్యాబులో పక్కవాడి వేళ్ళు చూస్తూ కూర్చున్నవాడిని ఎవరూ రాయలేదు. అడవి గురించి, భూమి గురించి మనం బాగా రాశాం, అది మన బలం. కానీ ఇప్పుడు గూడేల నుంచి వలస పోతున్నది పోడు కోల్పోయిన రైతు ఒక్కడే కాదు. చేతిలో అలాట్‌మెంట్ ఆర్డర్ పట్టుకున్న పద్దెనిమిదేళ్ళ పిల్లలూ పోతున్నారు. నేను సమీక్షించాల్సిన కథల పుస్తకంలో కూడా పన్నెండు కథలున్నాయి, ఒక్క హాస్టల్ గది లేదు. (సమీక్ష వచ్చేసారి తప్పక రాస్తాను.)

ఈ మధ్య మన పెద్దల్లో ఇంకో మాట బయలుదేరింది. అందరూ కంప్యూటరే ఎందుకు, మనకి వ్యవసాయం, నర్సింగ్ చాలదా అని. దీన్ని నేను ఒప్పుకోను. గోండి భాషకి గుంజాల లిపి ఉందని మనందరికీ గర్వం. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అంతకు ఏడాది ముందు మసరాం గోండి లిపి చేరింది. చేరడం అంటే ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఇచ్చారు, అంతే. ఆ అక్షరం ఫోనులో కనపడాలంటే ఫాంటు చేయాలి, కొట్టడానికి కీబోర్డు చేయాలి, తప్పులు దిద్దేది చేయాలి, కోయ మాటని విని రాసేది చేయాలి. ఆ పని వేరేవాళ్ళు వచ్చి చేసిపెట్టేదాకా కూర్చుందామా? గూడెం పిల్లకి కంప్యూటర్ సైన్స్ ఎందుకు అనేవాళ్ళు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఆలోచించుకోవాలి. చదవాలి. ఎక్కడ చదవాలన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకి ముందు ఒక చిన్న పాఠం ఉంది, అది కంప్యూటర్ సైన్స్ పాఠమే. సీట్లు పంచే పద్ధతి చాలామందికి తెలియదు. యంత్రం మొదటి ర్యాంకు నుంచి వరసగా వస్తుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ ఆప్షన్ల పట్టిక పైనుంచి కిందికి చదువుతుంది, సీటు మిగిలి ఉన్న మొదటి కాలేజీని నీకు ఇచ్చేస్తుంది. కిందివి ఇక చూడదు. పెద్ద కాలేజీ మొదట పెడితే చిన్నది పోతుందని మా దగ్గర గట్టి భయం. అది ఒట్టి భయం. వెనక ర్యాంకు వాడు ఆ చిన్న కాలేజీని తన పట్టికలో మొదట పెట్టుకున్నా, నీ వంతు అయ్యాకే వాడి వంతు. కాబట్టి వస్తుందా రాదా అని వరస పెట్టకూడదు, కావాలా వద్దా అని పెట్టాలి. ఎక్కువ పెట్టాలి. అయితే వద్దనుకున్నది మాత్రం పట్టికలో ఉండకూడదు, ఎందుకంటే పెడితే యంత్రం ఇచ్చేస్తుంది. రెండో విడతలో ఇంకా మంచిది వస్తే మొదటిది పోతుంది, తిరిగి రాదు. ఓటీపీ తల్లికి కూడా చెప్పొద్దు అని మా పిల్లకి చెప్పాను. తల్లికి ఓటీపీ అంటే ఏమిటో తెలియదులే మామా అంది.

ఇంకొకటి. ఏజెంట్లు చివరి విడత అయిపోయాక స్పాట్ అడ్మిషన్ అంటారు, మేనేజ్‌మెంట్ కోటాలో తక్కువకి ఇప్పిస్తాం అంటారు. ఆ రెండు దార్లలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కరపత్రంలో "ఫీజు రీయింబర్స్‌మెంట్ సౌకర్యం కలదు" అని ఉంటుంది గానీ ఈ సంగతి ఉండదు.

మా మేనల్లుడు రాసిన ఏడాది రాష్ట్రంలో ఎస్టీ వాటా 6 శాతం. 2022 నుంచి 10. సీట్లు పెరగడం మంచిదే. అయితే ఎస్టీ అన్న ఆ ఒక్క కాలమ్‌లో అందరమూ ఉన్నాం. పట్నంలో కోచింగ్ తీసుకున్న ఉద్యోగి కొడుకూ ఉన్నాడు, ఇంట్లో మొదటిసారి ఇంటర్ పాసైన కొలాం, చెంచు, కొండరెడ్డి పిల్లా ఉంది. ఈ సంగతి మనలో మనం మాట్లాడుకోవడానికి ఇబ్బంది పడతాం. ఈ వ్యాసంలో నేనూ దాటేసి పోతున్నాను.

ఏ కాలేజీ అన్నదానికి నా దగ్గర ఒకే మాట ఉంది: మన పిల్ల మొదటి ఏడాది నిలబడగలిగిన చోటు. పేరు, ప్యాకేజీ, బ్రాకెట్లోని మాట తర్వాత. పదకొండు కరపత్రాల్లో ఈ ఒక్క సంగతికి జవాబు లేదు కాబట్టి వాటిని మడిచి పక్కన పెట్టాం. పిల్లనిచ్చేటప్పుడు మనం ఏం చేస్తాం? మధ్యవర్తి మాట వింటాం గానీ నమ్మం. ఆ ఊరు వెళ్తాం, ఆ ఇంటి నీళ్ళు తాగుతాం, ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్న కోడలిని బావి దగ్గర పక్కకి పిలిచి అడుగుతాం. కాలేజీలో ఆ కోడలు ఎవరంటే రెండో ఏడాది చదువుతున్న ఆశ్రమ పాఠశాల పిల్ల. ప్రిన్సిపాల్‌ని కాదు, ఆమెని పట్టుకోవాలి. కంప్యూటర్‌కి ఎందరు కూర్చుంటారు, సాయంత్రం ఐదు తర్వాత ల్యాబు తెరిచి ఉంటుందా, తెలుగులో అడిగితే చెప్పే సారో మేడమో ఒక్కరన్నా ఉన్నారా, హాస్టల్ నుంచి కాలేజీకి ఎట్లా వస్తున్నావు, నీతో చేరిన మనోళ్ళు ఎందరు, ఇప్పుడు ఎందరు మిగిలారు. చివరి ప్రశ్న అడిగితే మిగతావి అడగక్కర్లేకపోవచ్చు.

పాత ఆలోచన ఒకటి నాకూ ఉండేది: ప్రభుత్వానిదైతే చాలు అని. మంథని, జగిత్యాలలాంటి జేఎన్టీయూ కాలేజీలని పట్టికలో పైన పెట్టమని ఇప్పటికీ చెప్తాను. హాస్టల్ ఆవరణలోనే ఉంటే చదువు సగం నిలబడినట్టే, బస్సులో పోయే మూడు గంటలు ల్యాబులో గడుస్తాయి. కానీ ప్రభుత్వ కాలేజీలో కూడా ఖాళీ పోస్టులు, తాత్కాలిక ఉద్యోగులు ఉంటారు. అక్కడా వెళ్ళి చూడాల్సిందే. జేఈఈ ర్యాంకు ఉన్న పిల్లలైతే వరంగల్ ఎన్ఐటీ వైపు చూడాలి. అక్కడ ఎస్టీలకి 7.5 శాతం, ట్యూషన్ ఫీజు లేదు, సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. ఈ సంగతి నేను పనిచేసే పాఠశాలలో చాలామంది టీచర్లకే తెలియదు. పదో తరగతి పిల్లలకి పాలిటెక్నిక్ దారి ఉంది. మూడేళ్ళ డిప్లొమాలో చేతికి కీబోర్డు అలవాటవుతుంది, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మా వాడికి ఆ దారి చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాడు ఇప్పుడు వారం సంతల్లో ఫోన్లు బాగుచేస్తాడు. బల్ల మీద చిన్న స్క్రూడ్రైవర్లు, ఒక వేడిగాలి తుపాకీ, పాత ల్యాప్‌టాప్. ఫోను లోపలి బొమ్మ వాడికి కంఠతా. వీడికి రాదని ఎవరు తేల్చారో నాకు తెలియదు. చెల్లెలి ఆప్షన్ల పట్టిక వాడే తయారుచేశాడు. లాస్ట్ ర్యాంకులు మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి, ఎస్టీ అమ్మాయిల కాలమ్ వరకు విడిగా రాసి, ముప్పై ఎనిమిది కాలేజీలు. ప్రతిదాని పక్కన హాస్టల్ ఎంత దూరమో రాశాడు. కొన్నిటి పక్కన సున్నా చుట్టాడు. అదేమిట్రా అంటే "అక్కడ మనోళ్ళు ఎవరూ లేరు మామా, ఎవర్నీ అడగలేకపోయా" అన్నాడు. ఈ పదకొండు కరపత్రాల కంటే ఆ నోటుబుక్కు కాగితం మంచి రచన. దాన్నే ఈ సంకలనంలో అచ్చేద్దామని అడిగాను, ఒప్పుకోలేదు.

ఆప్షన్లు పెట్టడానికి ఇంకా మూడు రోజులు ఉండగా అన్నాచెల్లెళ్ళిద్దరూ పట్టికలో మొదటి ఐదు కాలేజీలు చూసి వస్తామని బయలుదేరారు. దారి ఖర్చులకి కథల పుస్తకం సమీక్షకి వస్తుందనుకున్న డబ్బు ముందే ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం పిల్ల ఫోను చేసింది. రెండో కాలేజీలో ఉన్నారట. హాస్టల్ బాగుందట, అన్నంలో రాళ్ళు లేవట, మన వైపు పిల్లలు నలుగురు కనపడ్డారట, చేరినప్పుడు ఐదుగురట. "ల్యాబు?" అన్నాను.

"తాళం వేసి ఉంది మామా. కిటికీలోంచి చూస్తే కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, వాటి మీద కవర్లు తియ్యలేదు. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి అన్న పోయాడు."